ఆలస్యంగా అందిన కార్డు

మా కంపెనీ చేసేది చిన్న పని. ఇంట్లో వాళ్ళంతా ఎవరి కార్డులో వాళ్ళు రెండు ముక్కలు రాసుకుంటారు: బయల్దేరాను, మందులు వేసుకున్నాను, తాళం పక్కింట్లో ఇచ్చాను. ఫోన్‌లో ఇంటి పేజీ తెరిస్తే అందరి కార్డులూ ఒకేసారి కనబడాలి. కార్డులు మాత్రం ఇరవై సర్వర్లలో చెదిరి ఉంటాయి. ఒక్కొక్క కార్డునే వరసగా అడుగుతూ పోవడంతో పేజీ తాపీగా వచ్చేది. ఏ సర్వర్లో ఎవరెవరి కార్డులున్నాయో ముందే విడదీసి, ఒక్కో సర్వర్‌ను ఒక్కసారే, అన్నిటినీ ఒకే క్షణంలో అడిగేలా నేను మార్చాను. పేజీలు రెప్పపాటులో రాసాగాయి, కొన్ని ఇళ్ళవి తప్ప. వాటికి మూడు సెకన్లు పడుతోంది.

"అందులో మీ ఇల్లూ ఉందండీ," అన్నాడు మేనేజరు. "వంటావిడ ఇంట్లోనే పొయ్యి వెలగలేదన్నమాట."

వెతికాను. ఆరు నెలలుగా ఎవరూ ఏమీ రాయని కార్డులను మేం నెమ్మదిగా పనిచేసే ఒక పాత సర్వర్‌కి తరలిస్తాం. రాయడాన్నే పట్టించుకున్నాం, చదవడాన్ని కాదు. మా ఇంటి ఐదు కార్డుల్లో ఒకటి అక్కడుంది. మా ఆడపడుచుది. ఆమె పోయి పదకొండు నెలలు. "వస్తున్నా. నేనొచ్చేదాకా తినకండి" అన్నదే ఆఖరి మాట. ఆ కార్డు వచ్చేదాకా మా నాలుగు కార్డులూ ఆగుతున్నాయి.

"అర సెకను చూసి, రాకపోతే వదిలేయండి," అన్నాడు మేనేజరు.

అత్తయ్య రోజూ పొద్దున ఆరుంబావుకి ఆ పేజీ తెరుస్తుందని నాకు తెలుసు. అయినా మార్చేశాను.

మర్నాడు అత్తయ్య ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"అమ్మాయీ, అది రాలేదు."

"ఎవరత్తయ్యా?" అన్నాను, తెలిసే.

"మన ఎక్స్‌ప్రెస్సే." తయారవడానికి గంట పట్టేదని కూతురికి మామయ్య పెట్టిన పేరది. "మీరంతా వచ్చేశారు. అదే రాలేదు."

"నెట్ సరిగ్గా లేదేమో," అన్నాను.

ఆఫీసుకి వెళ్ళగానే మా ఇంటి లాగ్, అంటే సర్వర్లు రాసిపెట్టే చిట్టా, తీశాను. ఆ పొద్దున అత్తయ్య పేజీని పదకొండుసార్లు తెరిచింది. పదకొండుసార్లూ ఆడపడుచు కార్డు వచ్చింది, మూడు సెకన్ల తర్వాత. అప్పటికే పేజీ చూపించేశాం కాబట్టి, ప్రతిసారీ ఒకే వరుస: జవాబు అందింది, అడిగినవారు లేరు, పారేశాం.

సాయంత్రానికి ఇంకోలా మార్చాను. వచ్చినవాళ్ళను వెంటనే చూపించాలి. రానివాళ్ళ చోటు ఖాళీగా అట్టేపెట్టి, కార్డు ఎప్పుడొస్తే అప్పుడు అక్కడ ఉంచాలి. వేగం తగ్గదు కదా అని మేనేజరు ఒప్పుకున్నాడు.

మర్నాడు ఆరుంబావుకి అత్తయ్య వెనకే నిలబడ్డాను. నాలుగు కార్డులు. ఒక ఖాళీ చోటు. మూడు సెకన్లకు అందులోకి ఆమె వచ్చింది.

"వచ్చిందిగా అత్తయ్యా."

"వచ్చింది." అత్తయ్య తెర మీంచి చూపు తిప్పలేదు. "ఇదివరకు అది లేకుండా మీరెవరూ లోపలికి వచ్చేవాళ్ళు కాదు. అంతా గుమ్మం బయటే ఆగి, దాన్ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఒక్కతే వస్తోంది."

పేజీ మూసి, మళ్ళీ తెరిచింది. అందరికన్నా ముందు నా కార్డే వచ్చింది.