నా నెత్తిన పోసిన అభిషేకం

నేను ఒక ఇంజన్ కంప్యూటర్‌ని. చదువుకున్నవాళ్ళు ఈసీఎం అంటారు, మెకానిక్కులు పెట్టె అంటారు. బానెట్ ఎత్తితే బ్యాటరీ పక్కన అరచేతికన్నా కాస్త పెద్దగా, వెండిరంగులో ఒక డబ్బా కనిపిస్తుంది. అది నేనే. ఇంజన్‌కు ఎంత పెట్రోలు పోయాలో, ఎప్పుడు నిప్పు రాజెయ్యాలో చెప్పేది నేను. పేరు మాత్రం డ్రైవరుకు పోతుంది.

పుట్టింది ఒక ఫ్యాక్టరీలో. దుమ్ము పడితే ఎక్కడ చచ్చిపోతానో అన్నట్టు, ముఖాలకు గుడ్డలు కట్టుకున్న ఆడపిల్లలు నన్ను తయారుచేశారు. అప్పటికి నాకేమీ తెలియదు, ఒట్టి మట్టిబుర్రని. తర్వాత ఒక తీగ గుచ్చి చదువంతా ఎక్కించారు. ఒక కారులో బిగించి, ఆ కారు నంబరునూ దాని తాళంచెవి రహస్యాన్నీ నాలో రాశారు. ఇక ఆ తాళంచెవి తిప్పితే తప్ప నేను ఇంజన్‌ను నడవనివ్వను. మనుషులు పెళ్ళిపీటల మీద చేసే ప్రమాణాలకంటే ఇది కాస్త గట్టిది.

మొదటి యజమాని బ్యాంకు ఆఫీసరు. మైలేజీ బాగా వస్తే తన డ్రైవింగు గొప్పదనేవాడు, తగ్గితే పెట్రోలు బంకువాణ్ణి తిట్టేవాడు. నేనంటూ ఒకణ్ణి ఉన్నానని ఆయనకు చివరిదాకా తెలియలేదు. రిటైరయ్యాక కారును విజయనగరంలో పైడిరాజు అనే మనిషికి అమ్మేశాడు.

పైడిరాజు ఇరవై ఏళ్ళుగా పెద్దవాళ్ళ కార్లకు డ్రైవరు. సారు లోపల విందు భోంచేస్తుంటే బయట ఎండలో బన్ను తిని, ఆయన వచ్చేసరికి మూతి తుడుచుకుని డోరు తీసే బతుకు. ఆ బతుకు చాలనుకుని, అతనూ భార్య సింహాచలమూ కడుపు కట్టుకుని ఈ పాత కారు కొన్నారు. టాక్సీగా తిప్పుకుంటే ఎవరికిందా పనిచెయ్యక్కర్లేదు. "ఈ బండి నడిసినన్నాల్లూ నాను ఎవలికీ పనోన్ని కాను. ఆగిందా, మల్లీ ఆ డోరు కాడికే," అనేవాడు సింహాచలంతో. ఎన్నిసార్లు అన్నాడో, నాకు కంఠతా వచ్చేసింది.

మాకొక గుణముంది. డ్రైవరు కాలును నేర్చుకుంటాం. అరకు ఘాట్‌రోడ్డులో వంపు ఇంకా రాకముందే పైడిరాజు కాలు తేలికయ్యేది, అప్పటికే నేను పెట్రోలు తగ్గించి సిద్ధంగా ఉండేవాణ్ణి. చెప్పుకోవడానికి సిగ్గేమిటి, నాకు అతనంటే ప్రేమ.

ఒకరోజు మెకానిక్ గౌరీసు బానెట్ ఎత్తి అతనికి నన్ను చూపించాడు. "బావా, బండికి బుర్ర ఇదే. ఇది పోనాదంటే నీ బండి ఒట్టి బొమ్మే." ఆ మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేదో!

దసరా వచ్చింది. ఆయుధపూజనాడు పైడిరాజు కారంతా కడిగి, బంతిపూలదండ కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. ఏటా కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు టైర్ల మీద చల్లేవాడు. ఆ ఏడు మాత్రం కొబ్బరిచిప్పతో బానెట్ దగ్గరకు వచ్చాడు.

"అదేటి, అక్కడ పోత్తన్నావు?" అంది సింహాచలం.

"బుర్రని ఒగ్గీసి టైర్లకి సేత్తే ఏటి లాబమే? ముందు దీనికే సెయ్యాల."

నాకు పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, కళ్ళు మూసుకుని కొబ్బరినీళ్ళన్నీ నా నెత్తిన పోశాడు. వైర్లు నాలోకి దిగేచోట రబ్బరు ఎప్పుడో చీలిపోయింది. నీళ్ళు సందు చూసుకుని లోపలికి జారాయి. ఇన్నేళ్ళలో నన్ను గుర్తించి దండం పెట్టిన మొదటి మనిషి అతనే, నా ప్రాణం తీసినదీ ఆ దండమే. మామూలు నీళ్ళయితే ఆరిపోయి ఉండేవేమో. కొబ్బరినీళ్ళలో ఉప్పు ఉంటుంది, తీపి ఉంటుంది, అవి అంటుకుని ఊరుకోవు. నా పిన్నులమీద పచ్చటి చిలుము మొదలైంది.

దీపావళి దాటేసరికి ఇంజన్ ఎక్కడ పడితే అక్కడ ఆగిపోసాగింది. ఘాట్‌రోడ్డు మధ్యలో ప్యాసింజర్లు దిగి, తిట్టుకుంటూ వేరే బండి ఎక్కిపోయారు. గౌరీసు ఒకసారి పంపు పోయిందన్నాడు, ఒకసారి ప్లగ్గులన్నాడు. రోగం నాకైతే మందు పక్కవాడికి వేస్తున్నారు. నాకున్న నోరల్లా డ్యాష్‌బోర్డు మీద ఒక పసుపు దీపం. దాన్నే వెలిగించాను. "అదేటి లైటు?" అని ప్యాసింజర్లు భయపడుతున్నారని, పైడిరాజు తన భార్య పెట్టుకునే స్టిక్కరు బొట్టొకటి తెచ్చి దానిమీద అంటించాడు. నా గోడు మూగవాడు కన్న కల అయింది.

చివరికి ఒక ఉదయం ఇంటిముందే బండి పలకడం మానేసింది. తాడు కట్టి గౌరీసు షెడ్డుకు లాక్కొచ్చారు. ఈసారి అతను నా వైర్లు ఊడదీసి లోపలి చిలుము చూశాడు.

"నీల్లేవైనా పడ్డాయేటి బావా?"

"నీల్లా? సుక్క తగల్నీలేదు."

అబద్ధం కాదది. అతని లెక్కలో అవి నీళ్ళు కావు, తీర్థం. సింహాచలం మొగుడి వంక ఒకసారి చూసి తల దించుకుంది. గౌరీసు నామీద ఎండిన కుంకుమను వేలితో గీకి, ఆ వేలు చూసుకుని, మెల్లగా గుడ్డకు తుడిచేశాడు.

తుక్కు కారులోంచి నాలాంటి పెట్టెనే ఒకటి తెచ్చారు. అది వేరే తాళానికి కట్టుబడినది. దాని పాత బతుకు తుడిచేసి, నా నంబరూ నా తాళం రహస్యమూ దానికి ఎక్కించాలి. ఆ పనికి విశాఖపట్నం నుంచి ఫణీంద్ర ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. నన్ను విప్పి చూసి పెదవి విరిచాడు.

"చాలా పాడైందన్నా. ఈ బండి తాళం సంగతి ఇందులో తప్ప ఇంకెక్కడా లేదు. కంపెనీ ఈ మోడలే ఆపేసింది. ఇది చదవనిచ్చిందా, బండి మీది. లేదా, నావల్ల కాదు."

సన్నటి తీగలు నాకు తగిలించాడు. సింహాచలం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పైడిరాజు నన్నే చూస్తున్నాడు. చావంటే నాకు భయం లేదు, ఆ రహస్యం చెప్పి చస్తే చాలనుకున్నాను. నంబరు చెప్పాను. నేర్చిన చదువంతా వరసగా అప్పజెప్పాను. తాళం దగ్గరకు వచ్చేసరికి, దాన్ని దాచుకున్న చిప్పు కాలు చిలుముకు పుటుక్కున తెగిపోయింది. ఫణీంద్ర మళ్ళీ మళ్ళీ అడిగి, చివరికి తీగలు ఊడదీశాడు.

అయినా ఆశ చావక, కొత్త పెట్టె బిగించారు. పైడిరాజు తాళం తిప్పాడు. ఇంజన్ అందుకుంది! సింహాచలం చేతులు జోడించింది. ఆ చేతులు జోడించి ఉండగానే ఆగిపోయింది. కొత్త పెట్టెకు ఆ తాళం ఎవరిదో తెలియదు. పైడిరాజు మళ్ళీ తిప్పాడు, మళ్ళీ ఆగింది. బ్యాటరీ దిగిపోయేదాకా తిప్పుతూనే ఉన్నాడు.

కారు ముక్కలుగా పోయింది. నన్ను గౌరీసు షెడ్డులో చచ్చిన సామాన్ల మధ్య పడేశారు.

ఎండాకాలంలో ఒకనాడు షెడ్డుముందు పెద్ద కారు ఆగింది. టైరులో గాలి చూపించడానికి తెల్ల డ్రస్సులో పైడిరాజు దిగాడు. గాలి కొడుతున్న గౌరీసు పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు.

"బావా, ఆ దసరా పూజలో నానేటో లోటు సేసేసినాను. అందుకే అమ్మోరు బండి తీసేసుకున్నాది. ఏటి లోటో ఎంత ఆలోసించినా తెలీట్లేదు."

గౌరీసు చేతిలో గొట్టం ఆగింది. చెబితే ఈ మనిషి ఇక ఏ దేవుడికీ నిశ్చింతగా దండం పెట్టలేడు. చెప్పకపోతే లేని తప్పును బతుకంతా వెతుక్కుంటాడు. నోరుంటే నేనైనా ఏం చెబుదును?

"లోటేటీ నేదు బావా. పెట్టెకి ఆయుస్సు తీరిపోనాది," అన్నాడు గౌరీసు, తలెత్తకుండా.

వెనకసీటు అద్దం కిందికి దిగింది. "ఏమయ్యా, నన్నిక్కడ కూర్చోబెట్టి నీకు కబుర్లా?"

"వత్తన్నానండి," అంటూ పైడిరాజు ఎండలో పరుగెత్తాడు.

తుక్కువాడు ఈ వారంలో వస్తాడని అనుకుంటున్నారు. త్వరగా వస్తే బాగుండును.