ఎనభై ఆరు పేర్లు దాచిన ఫోను

నేను ఒక ఫోన్‌ని. కొత్తదాన్ని కాదు, గొప్ప కంపెనీదాన్నీ కాదు. నా వెనక మూత ఒక మూల పెచ్చు లేచిపోయింది. కెమెరా అద్దం మీద వెంట్రుకంత గీత ఉంది. అయినా గుండ్లకొండ పలక కార్మికుల సంఘం గదిలోకి కొత్తవాళ్ళు ఎవరొచ్చినా ముందు నన్నే చూపిస్తారు. "ఇదే ఆ ఫోను" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా, చార్జింగు ఎంత తక్కువున్నా నాకు నిండుగా ఉన్నట్టే ఉంటుంది.

నేను పుట్టింది సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక పెద్ద ఫ్యాక్టరీలో. నీలం టోపీలు పెట్టుకుని వరసగా కూర్చున్న అమ్మాయిల్లో ఒకరు స్క్రూలు బిగించారు, ఒకరు అద్దం అతికించారు, చివరి అమ్మాయి నన్ను వెలిగించి మైకులో "హలో, హలో" అంది. అట్టపెట్టెలో పడ్డాక మళ్ళీ వెలుతురు చూసింది కోదండపాణిగారి అరచేతిలోనే.

కోదండపాణిగారు ప్లాట్ల బ్రోకరు. భార్య కూరేం వండమంటారని అడిగితే పావుగంట ఆలోచించే మనిషి. నా తెర మీద మాత్రం ఏ యాప్ ఏం అడిగినా ఆలోచన లేదు, "సరే" అని నొక్కేవాడు. టార్చి లైటు యాప్ ఆయన చుట్టాల నంబర్లన్నీ అడిగింది. సరే. వినాయకుడి బొమ్మల యాప్ ఆయన ఎక్కడ తిరుగుతున్నాడో చెప్పమంది. సరే. వీధి తలుపుకి మూడు గొళ్ళేలు పెట్టించుకున్న మనిషి నా తలుపులన్నీ బార్లా తెరిచి పెట్టాడు. తెరవమంటే తెరవడమే నా పని, కాదనే నోరు నాకెక్కడిది? రెండేళ్ళకి నాకంటే పెద్ద తెర ఉన్నది కొనుక్కుని, నన్ను ఖాసిం కొట్లో ఇచ్చేసి వెళ్ళాడు.

ఖాసింది గుండ్లకొండ బస్టాండు ఎదురుగా సెల్ రిపేరు కొట్టు. నన్ను తుడిచి, లోపలున్నదంతా చెరిపేసి, గాజు బీరువాలో నిలబెట్టాడు. అక్కడి నుంచి నన్ను తీసుకెళ్ళింది సలోమి.

సలోమికి అప్పటికి నలభై నాలుగేళ్ళు. పలకల ఫ్యాక్టరీలో చెక్క ఫ్రేములు బిగించేది. ఆమె భర్త దావీదు అదే ఫ్యాక్టరీలో కోత మిషను దగ్గర పనిచేశాడు. రాయి కోసేటప్పుడు లేచే దుమ్ము ఇరవై ఏళ్ళు పీల్చి పీల్చి, చివరికి మంచం మీద కూర్చుని కూడా ఆయాసపడి చనిపోయాడు. డాక్టర్లు ఆ జబ్బుని సిలికోసిస్ అన్నారు, ఊళ్ళో దుమ్ము జబ్బన్నారు. ఫ్యాక్టరీవాళ్ళు మాత్రం "బీడీల వల్ల వచ్చుంటది" అన్నారు. దావీదు పుట్టి బుద్ధెరిగాక బీడీ ముట్టలేదు. ఆ మాట విన్న రోజే సలోమి పని మానేసి సంఘంలో చేరింది.

ఏడో తరగతితో ఆగిన చదువు. కానీ కాగితం చేతికిస్తే ఆఖరి చుక్క దాకా చదివే అలవాటు. అందుకే సంఘం అధ్యక్షుడు నాగభూషణం ఆమెకి పెద్ద పని అప్పగించాడు. జిల్లా కేంద్రంలో ప్రభుత్వ అధికారి ముందు విచారణ ఉంది. గుండ్లకొండలో దుమ్ము జబ్బు ఎంతమందికి ఉందో సాక్ష్యాలతో చూపించాలి. ఒక్కొక్కరి ఎక్స్‌రే, పని గుర్తింపు కార్డు, వాళ్ళ నోటితో చెప్పిన మాట, అన్నీ నాలోకి ఎక్కించడం సలోమి పని.

అది చెప్పినంత సులువు కాదు. జబ్బుందని తెలిస్తే ఫ్యాక్టరీవాళ్ళు మర్నాడే పనిలోకి రానివ్వరు. విచారణ నాటికి "వీడు మా దగ్గర పనిచేయనేలేదు" అని చేతులు దులుపుకుంటారు. అందుకని ఒక్కొక్కరూ మా దగ్గరికి చాటుగా వచ్చేవాళ్ళు. కోత మిషను ఎల్లమంద అయితే ఎక్స్‌రేని పంచెలో చుట్టుకుని తెచ్చాడు.

"నా పేరు బయటికి పోదు గదమ్మా?" అని అడిగాడు.

"విచారణ రోజు దాకా నీ పేరు నాకూ ఈ ఫోనుకీ తప్ప ఇంకెవరికీ తెలీదు బాబాయ్" అంది సలోమి.

నా మీద ఒట్టేసినట్టే అయింది. అంతకుముందు నన్నెవరూ నమ్మి ఏదీ చెప్పలేదు.

ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టి ఫొటో తీయబోయింది సలోమి. నేను తీయలేకపోయాను. చోటు లేదని తెర మీద చూపించాను. ఏవో పాత పాటలు చెరిపేస్తే గానీ ఆ ఒక్క ఫొటో ఎక్కలేదు. లోపల అంతా కలగాపులగం. ఎవరి ఎక్స్‌రే ఏదో, ఎవరి గొంతు ఏదో తెలియదు. అన్నిటికీ పేర్ల బదులు పొడుగాటి అంకెలు. నాతో పుట్టుకతో వచ్చిన ఫైల్ మేనేజరు మెమరీ కార్డులో కొత్త ఫోల్డరు చేయడానికే మొరాయించేది. విచారణ ఇంకా పదిహేను రోజులుంది.

"దానికేముంది సలోమీ" అన్నాడు నాగభూషణం. "నా ఫోన్లో ఒక యాప్ ఉంది. అన్నీ దానంతటదే సర్దేస్తది. ఒక్క గంట పని."

ఆ యాప్ దింపింది సలోమి. రంగురంగుల బొమ్మలు, తళతళ మెరుపులు. తెరవగానే ఫైళ్ళు చూడనివ్వమంది. అది న్యాయమే. తరవాత ఫోను నంబర్లన్నీ చూడనివ్వమంది. ఆపైన ఎక్కడున్నావో చెప్పమంది. ఆపైన మైకు కావాలంది. నాకు కోదండపాణిగారి రోజులు గుర్తొచ్చి భయమేసింది. ఇక ఈమె కూడా "సరే" అంటుందనుకున్నాను.

సలోమి వేలు నా తెరకి బెత్తెడు దూరంలో ఆగిపోయింది.

"బీరువా సర్దడానికి వచ్చినామె, మీ ఇంటికి ఎవరెవరు వస్తారని ఎందుకు అడగతదన్నా?" అంది.

"అందరూ సరేననే నొక్కుతారు సలోమీ. అట్టా ఆలోచిస్తే పనులు కావు."

సలోమి ఆ యాప్ మూసేసింది. నన్ను కొంగులో చుట్టుకుని నేరుగా ఖాసిం కొట్టుకి నడిచింది.

ఆ మధ్యాహ్నం ఖాసిం, సలోమి నన్ను బల్ల మీద పెట్టుకుని కూర్చున్న తీరు చూస్తే పిల్లకి సంబంధం చూస్తున్నారనుకోవాలి. ఆ రంగుల యాప్ గోప్యత గురించి రాసుకున్న కాగితం తెరిపించింది సలోమి. ఇంగ్లీషులో చాంతాడంత ఉంది. ఖాసిం చదువుతూ తెలుగులో చెప్తున్నాడు.

"మీ సమాచారం మా భాగస్వాములతో పంచుకోవచ్చు అని రాశారక్కా."

"భాగస్వాములంటే ఎవరు?"

"పేర్లు రాయలేదు."

"ఎంతమంది?"

"అదీ రాయలేదు."

"మనకి తెలియనోళ్ళకి మనోళ్ళ ఎక్స్‌రేలు ఎట్టా ఇస్తాం ఖాసిం? తీసెయ్."

రెండోది కాస్త పెద్దమనిషిలా ఉంది. నంబర్లు అడగలేదు, మైకు అడగలేదు. కానీ ఫైళ్ళన్నిటికీ ఒక నకలు తమ కంప్యూటర్లలో భద్రంగా దాచిపెడతామంది. ఫోను పోయినా ఫైళ్ళు పోవని ఖాసిం మెచ్చుకున్నాడు. సలోమి చాలాసేపు ఆలోచించింది. నేను నీళ్ళలో పడితే ఎల్లమంద ఎక్స్‌రే గతేమిటి? ఆ భయం కూడా నిజమే కదా. చివరికి, "నకలు కావాలంటే మన చేతుల్తో మనమే ఇంకో కార్డులో చేసుకుందాం. ఎవరింట్లోనో దాచి, తాళం వాళ్ళ దగ్గరే పెట్టడం నాకు నచ్చలా" అంది.

మూడోది చూస్తే నాకే జాలేసింది. రంగుల్లేవు, మెరుపుల్లేవు, ప్రకటనల్లేవు. దాన్ని రాసినవాళ్ళు లోపలి రాతంతా ఎవరైనా చదువుకోవచ్చని బయట పెట్టేశారట. ఫైళ్ళు చూడడానికి తప్ప ఇంకే అనుమతీ అడగలేదు. ఖాసిం దాని అనుమతుల జాబితా పై నుంచి కింది దాకా చూసి నవ్వాడు.

"అక్కా, దీనికి నెట్టు వాడుకునే అనుమతే లేదు. లోపల ఏం చూసినా బయటికి చెప్పడానికి దీనికి నోరు లేదు."

"నాకు కావాల్సిందీ అదే" అంది సలోమి.

కానీ అది తనంతట తాను ఏదీ సర్దదు. ప్రతి ఫైలూ చేత్తో తెరిచి చూసి, పేరు పెట్టి, ఫోల్డర్లో వెయ్యాలి. నాగభూషణానికి కోపమొచ్చింది. గంటలో అయ్యే పనికి పది రోజులా? విచారణ దాటిపోతే ఎవరు పూచీ? ఆయన భయంలోనూ తప్పు లేదు. మళ్ళీ ఇలాంటి విచారణ ఎప్పుడు పెడతారో దేవుడికే తెలియాలి.

"అన్నా, ఇవి నా ఫొటోలైతే నేను నొక్కేదాన్ని" అంది సలోమి. "నావి కావు. ఎవరివో వాళ్ళనే అడుగుదాం."

ఆదివారం ప్రార్థనకి వచ్చినట్టే వచ్చి, చర్చి వరండాలో అందరూ కూడారు. రెండు దారుల గురించీ సలోమి దాచకుండా చెప్పింది. ఇందులో ఆలస్యముంది, అందులో ఎవరు చూస్తారో తెలియదు. వరండా అంతా దగ్గులు. ఎల్లమంద గోడకి ఆనుకుని లేచి నిలబడ్డాడు. ఒక్కో మాటకీ ఊపిరి కూడదీసుకుంటూ చెప్పాడు.

"మా ఊపిరి... అడక్కుండానే... తీసుకున్నారు. పేరన్నా... మమ్మల్ని అడిగి తీసుకోనియ్యండి."

నాగభూషణం తల దించుకున్నాడు. మర్నాడు పొద్దున్నే, అందరి ఒప్పుదలతోనే వచ్చి సలోమి పక్కన కూర్చుని, పని కార్డుల మీద పేర్లు చదివి చెప్పడం మొదలుపెట్టాడు. ఇద్దరూ కలిసి పదకొండు రోజులు కూర్చున్నారు. నాలో ఎనభై ఆరు ఫోల్డర్లు తయారయ్యాయి. వాటన్నిటినీ పెద్ద ఫోల్డరు ఒకదాంట్లో పెట్టి, దానికి తాళం వేసి, నకలు ఇంకో మెమరీ కార్డులోకి ఎక్కించింది సలోమి. ఫొటోలు తమంతట తామే నెట్టులోకి ఎక్కే ఏర్పాటుని కూడా వెతికి ఆపేసింది. పదకొండో రోజు సాయంత్రం నన్ను కళ్ళకద్దుకుంది. నన్ను విసిరేసినవాళ్ళున్నారు, తిట్టినవాళ్ళున్నారు, కళ్ళకద్దుకున్నది మాత్రం ఆమె ఒక్కతే.

ఇంకా రెండు రోజులుందనగా కూరగాయల సంతలో ఫ్యాక్టరీ మేస్త్రీ గురవయ్య ఎదురొచ్చాడు.

"సలోమమ్మా, నా ఫోన్లో చార్జింగు అయిపోయింది. ఒక్క కాల్ చేసుకుని ఇస్తా."

పది మందిలో కాదనడం ఎట్లా? ఇచ్చింది. ఆయన నంబరు నొక్కినట్టే నొక్కి, నాలుగడుగులు పక్కకి వెళ్ళి, ఫొటోలు తెరిచాడు. గుమ్మడికాయ, చర్చిలో పెళ్ళి, సలోమి చెల్లెలి కూతురు. ఆ సాదా యాప్ తెరిచాడు. తాళం అడిగింది. దావీదు పేరు కొట్టాడు. నేను తెరవలేదు. సలోమి పేరు కొట్టాడు. తెరవలేదు. ఎల్లమంద ఊపిరీ, ఎనభై ఆరు ఇళ్ళ అన్నమూ ఆ క్షణాన నా గొళ్ళెం మీద ఆగి ఉన్నాయి. మూడోసారి ఏదో కొట్టాడు. కాదన్నాను. కాదనే నోరు నాకెక్కడిదని ఒకప్పుడు అనుకున్నదాన్ని, ఆ రోజు మూడుసార్లు కాదన్నాను!

"అయిందా అన్నా, ఎత్తారా అవతల?" అంటూ సలోమి చెయ్యి చాపింది. ఆమె గొంతు మామూలుగానే ఉంది. నన్ను అందుకోగానే మాత్రం కొంగులో చుట్టి గట్టిగా ముడేసుకుంది.

విచారణ రోజుకి ఎనభై ఆరు మందిలో ఒక్కరి పనీ పోలేదు. అధికారి పేరు పిలవడం, సలోమి ఫోల్డరు తెరవడం. ఎక్స్‌రే, కార్డు, గొంతు. మధ్యాహ్నం భోజనాల లోపే అన్నీ అయిపోయాయి. ఫ్యాక్టరీ తరపు వకీలు "ఈయన మా దగ్గర పనిచేయలేదు" అన్న ప్రతిసారీ, ముందటి రోజు పని దిగాక ఒక్కొక్కరి దగ్గరా సలోమి ఫొటో తీసి పెట్టుకున్న హాజరు చీటీ, ఆ రోజు తేదీతో సహా, నా తెర మీద వెలిగింది. మూడోసారి తరవాత ఆయన ఆ మాట మానేశాడు.

అధికారి మెచ్చుకుని, "అన్నీ నా ఫోనుకి వాట్సాప్ చేసెయ్యమ్మా" అన్నాడు.

సలోమి లేచి నిలబడింది. "అయ్యా, అన్నీ ఈ మెమరీ కార్డులో ఎక్కించి తెచ్చాను. ఆఫీసు తరపున తీసుకుని, ముట్టినట్టు సంతకం చేసి ఇప్పించండి. మీ సొంత ఫోనుకి మాత్రం పంపలేను."

అధికారి ఆమె వంక చూశాడు, నా వంక చూశాడు, తరవాత కలం తీశాడు.

నాలుగు నెలలకి ఉత్తర్వు వచ్చింది. ఎనభై ఆరు మందికీ జబ్బు పని వల్లే వచ్చిందని రాశారు. వైద్యం, పింఛను, కోత మిషన్లకి దుమ్ము లాగే గొట్టాలు. దావీదు పేరు కూడా వేరే కాగితం మీద వచ్చింది, బీడీల ఊసు లేకుండా. ఎల్లమంద ఆ ఉత్తర్వుని రెండుసార్లు చదివించుకున్నాడు. ఆ వేసవి దాటలేదు. కానీ చివరి రోజుల్లో ఆస్పత్రిలో ఆక్సిజను పెట్టించుకుని, నిద్రపోయాడు. ఏడేళ్ళలో వెల్లకిలా పడుకుని నిద్రపోవడం అదే మొదలని ఆయన భార్య వీరనాగమ్మ చెప్పింది.

ఇప్పుడు సంఘానికి కొత్త ఫోను వచ్చింది. ఫైళ్ళన్నీ దాంట్లోకి మార్చి, నాలో ఉన్నదంతా సలోమి తన చేత్తోనే చెరిపేసింది. నన్ను ఖాసిం కొట్టుకి పంపుతారనుకున్నాను. పంపలేదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం సంఘం గదిలో పలకల ఫ్యాక్టరీ ఆడవాళ్ళకి ఫోను వాడడం నేర్పుతోంది ఆమె. నేర్చుకోవడానికి నేనే. నాలో పోయేదేమీ లేదు కనుక ఎవరు ఏం నొక్కినా భయం లేదు.

మొన్న ఆదివారం వీరనాగమ్మ వంతు వచ్చింది. ఎన్నో ఏళ్ళు పలకలు తుడిచి తుడిచి అరిగిన చూపుడు వేలు ఆమెది. ఏదో పాటల యాప్ తెరవగానే, మీ నంబర్లన్నీ చూడనివ్వమని అడిగింది. ఆమె కూడబలుక్కుంటూ చదివింది. చుట్టూ ఉన్నవాళ్ళని చూసింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. సలోమి కావాలనే కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

వీరనాగమ్మ "వద్దు" మీద వేలు పెట్టి గట్టిగా నొక్కింది. ఎవరైనా కసురుతారేమోనని ఒక్క క్షణం అలాగే ఆగింది. ఎవరూ కసరలేదు. అప్పుడు నన్ను పక్కావిడకి ఇవ్వకుండా, ఇంకొక్కసారి నొక్కుతానని ఒళ్ళో పెట్టుకుంది.