పాపంలో వేరు కుంపటి

శనివారం ప్రార్థన గుడి అలకడం మా పేట ఆడవాళ్ళ పని. ఆ వేళ పేడ చేతులతో ఉండగానే మిషను దొరసానమ్మగారు నన్ను వరండాలోకి పిలిచారు. మర్నాడు ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవాలంటే ముందు పాపం ఒప్పుకోవాలి. ఇదివరకైతే ఇంటికొకళ్ళు ఒప్పుకుంటే సరిపోయేది. మా ఇంటికి మా అత్తే నోరు. రాజమండ్రి నించి కాలవ పడవలో కొత్తగా వచ్చిన ఈ దొరసానమ్మగారు మాత్రం ఎవరికి వాళ్ళే చెప్పాలన్నారు.

"నీ పాపము చెప్పుము, సువార్తమ్మా."

"మా ఇంట్లో కల్లు తాగుతామండి," అన్నాను. తాగేది మా ఆయనే. అయినా ఇంట్లోది నాది కాకుండా ఎలా పోతుంది?

"నీవు త్రాగుదువా?"

"అయ్యో, నేనెందుకు తాగుతానండి! మా ఆయన."

"అది ఆయన పాపము. నీది?"

"మా అత్త పక్కింటి కోడిని కోసి, మాదేనని బొంకిందండి."

"అది ఆమెది. నీకు నీదంటూ ఏదియు లేదా?"

అలుకుతున్న ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. లోపలంతా వెతుక్కున్నాను, ఏమీ తగల్లేదు. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, ఒక్క పాపమైనా సొంతానికి చేసుకోలేకపోయానా? ఛీ, అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు. రేపు గంట కొట్టేలోగా ఆలోచించుకుని రమ్మన్నారు, లేకపోతే బల్ల లేదన్నారు.

నాకంటే ముందు మాట ఇల్లు చేరింది. మా ఆయన మిషను బళ్ళో పంతులు. "నా కల్లు సంగతి దొరసానితో చెప్పొస్తావా? బుద్ధుందా నీకు?" అని చిందులు తొక్కారు. అత్త నెత్తి కొట్టుకుంది. "పాపంలో కూడా వేరు కుంపటి పెడతావేంటే? కోపం ఎక్కువండి అని చెప్పెయ్యి, పోతుంది. రేపు నువ్వొక్కదానివీ బల్లకి దూరంగా కూచుంటే మా మొహాలెక్కడ పెట్టుకోవాలి?"

ఆవిడన్నదాంట్లో తప్పేముంది? నేనూ అలాగే పెరిగాను. పుట్టింట్లో చిట్టియ్య కూతుర్ని, ఇక్కడ పంతులు గారి పెళ్ళాన్ని. దొరసానమ్మగారి దేశంలో మనుషులు విడివిడిగా పుడతారు కాబోలు, ఎవరి కంచం వాళ్ళది, ఎవరి దేవుడు వాళ్ళకి. నాకు చేపల పులుసులో ఏ ముక్క ఇష్టమో కూడా తెలీదు. అందరూ తిన్నాక మిగిలిన తోక ముక్కే నేనెరుగుదును. వడ్లు దంచుతున్నంతసేపూ ఇదే ఆలోచన. దంచగా దంచగా ఒకటి దొరికింది. దొరికాక ఇంకా సిగ్గేసింది. అది లోపలున్నట్టు నాకు ముందే తెలుసు.

ఆదివారం పొద్దున గుడి నిండా జనం. మా ఆయన ముందు వరసలో కూచున్నారు. దొరసానమ్మగారి ఎదట నిలబడ్డాను.

"నిరుడు అన్నం మాడిందని మా ఆయన కొరివితో నా చెయ్యి కాల్చారండి. క్షమించానని సంఘం ముందు మోకరించి చెప్పాను. క్షమించలేదండి."

మా ఆయన నేలకేసి చూస్తున్నారు. నా మొహం మండిపోతోంది, కట్టుకున్నవాణ్ణి నలుగుట్లో నిలబెట్టానే అని. దొరసానమ్మగారు నాకేసి వంగారు.

"ఇప్పుడు క్షమించుదువా? క్షమించినచో బల్ల నీకును కలదు."

"అవునను, అవునను," అంటూ అత్త వెనకనించి కొంగు లాగుతోంది.

"లేదండీ," అన్నాను. కొంగు విడిపించుకుని గుడి మెట్లు దిగాను.