దానియేలు పెట్టెలోని స్క్రూడ్రైవర్

నేను ఒక స్క్రూడ్రైవర్ని. జానెడు పొడవు, కర్ర పిడి, కొస కాస్త అరిగిన ఉక్కు. నలభై ఏళ్ళుగా నాకొక సందేహం ఉంది. నేను ఎవరి సొమ్ము? నా పిడి మీద మేకుతో గీసిన పేరు దానియేలుది. కానీ ప్రతి దసరాకీ నాకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టినవాడు జోగారావు. అడక్కుండా తీసుకున్న వస్తువుకు పెట్టిన కుంకుమ అమ్మవారికి చేరుతుందా అని ఏటా అనుకునేదాన్ని. అమ్మవారు ఏమీ చెప్పలేదు. జోగారావూ అడగలేదు.

నా పుట్టుక గురించి నాకు ఎక్కువ తెలియదు. ఎర్రగా కాల్చి నూనెలో ముంచినప్పటి చుర్రుమన్న చప్పుడు ఒక్కటే జ్ఞాపకం. ఆ తరవాత కళ్ళు తెరిచేసరికి ఉత్తరాదిన ఒక విమాన స్థావరంలో, దానియేలు పనిముట్ల పెట్టెలో ఉన్నాను. దానియేలుది చీరాల. పక్క పెట్టె బొబ్బిలి జోగారావుది. ఇద్దరూ విమానాల మరమ్మతు పనివాళ్ళు, ఒకే గది, ఒకే పచ్చడి జాడీ.

మా పెట్టెలో ప్రతి పనిముట్టుకూ దాని ఆకారంలోనే ఒక గూడు ఉండేది. పని కాగానే పెట్టె తెరిచి అధికారికి చూపాలి. ఒక్క గూడు ఖాళీగా ఉన్నా విమానం కదలకూడదు. లోపల ఎక్కడో పడిపోయిన ఇనుము, ఎగిరేటప్పుడు ఏ తీగలోనో ఇరుక్కుంటే అందరి ప్రాణాల మీదికీ వస్తుంది. పెట్టె సర్కారుదే అయినా అందులోని సామానుకు జవాబు చెప్పుకోవలసింది దాని మనిషి.

ఒక సాయంత్రం జోగారావు రెండింజన్ల సరుకు విమానంలో, తోక దగ్గరి నేలపలకలు బిగించి దిగి వచ్చాడు. పెట్టె తెరిస్తే స్క్రూడ్రైవర్ గూడు ఖాళీ. మళ్ళీ ఎక్కి, పలక ఎత్తి, తను పనిచేసిన చోటంతా తడిమాడు. దొరకలేదు. మర్నాడు అతను సెలవు మీద ఊరెళ్ళాలి. వారంలో పెళ్ళి. నిజం చెబితే సెలవు రద్దు. అప్పటికే తనిఖీ ముగించుకున్న దానియేలు పెట్టె పక్కనే తెరిచి ఉంది. దానియేలు కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు.

జోగారావు చెయ్యి నన్ను పట్టుకున్నప్పుడు చెమటతో జారుతోంది. తన గూట్లో నన్ను పెట్టాడు. అధికారి చూశాడు, సంతకం చేశాడు. రాత్రికి తిరిగి ఇచ్చేద్దామనే అనుకున్నాడు పాపం. ఆ గంటలోనే దానియేలును మరో స్థావరానికి పొమ్మన్నారు. పెట్టె మూసుకొని లారీ ఎక్కాడు. అక్కడ పెట్టె తెరిస్తే నా గూడు ఖాళీ. చేతి మీదికి రావలసిన అతని మూడో చార, అంటే పై హోదా, రెండేళ్ళు వెనక్కి పోయింది.

ఇటు బొబ్బిలిలో జోగారావు పెళ్ళిపీటల మీద కూర్చొని మాటిమాటికీ ఆకాశం కేసి చూశాడు. విమానం కోసం ఆంజనేయుడికి మొక్కాడు. ఆ మొక్కు అందులో ఎక్కినవాళ్ళు బతకాలనో, తను బయటపడకూడదనో నాకు ఇప్పటికీ తెలియదు. మనుషుల ప్రార్థనల్లో రెండు మూడు కోరికలు ఒకే మూటలో ఉంటాయి. విడదీసుకోవడం పైవాడి పని. విమానం మాత్రం ఏ ఆపదా లేకుండా మరో తొమ్మిదేళ్ళు ఎగిరింది. జోగారావు బజారులో మరొకటి కొని ఆ గూట్లో పెట్టి, నన్ను ఇంట్లో దాచాడు.

ఉద్యోగం అయిపోయాక జోగారావు బొబ్బిలిలో ఇల్లు కట్టుకొని, ముందుగదిలో ఆ విమానాన్నే మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు. పన్నెండో వంతు కొలతలో, రెక్క కొస నుంచి కొస దాకా ఎనిమిది అడుగులు. రేకు కోసం ప్రెస్సు నుంచి అచ్చు వేసి పారేసిన అల్యూమినియం పలకలు తెచ్చాడు. విమానం లోపలికి తొంగి చూస్తే ఒక పక్క శుభలేఖ, ఒక పక్క పెద్దకర్మ కార్డు కనిపించేవి. వాటి మీద ఆకుపచ్చ రంగు వేసేదాకా ఆయన భార్య మంగతాయారు ఆ గదిలో దీపం పెట్టనివ్వలేదు.

వాచీ పళ్ళచక్రాన్ని రేకు వెనకనుంచి దొర్లించి వేల రివెట్ల బుడిపెలు తేల్చాడు. పైలట్ కాలు ఆనే చోట రంగు పోయేలా అరగదీశాడు. పాత గొడుగు గుడ్డతో సీట్లు కుట్టాడు. నాతో రేకు అంచులు మడిచేవాడు, జిగురు పట్టేదాకా అదిమి ఉంచేవాడు. నాలుగేళ్ళలో నా పిడి మీద ఆయన బొటనవేలు ఆనే చోట గుంట పడింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు రెక్కలు మెచ్చుకునేవారు. ఆయన మాత్రం ఎవరికీ కనిపించని నేలపలకల కింద చట్రాలు, తీగలు, కప్పీలు ఒక్కొక్కటే అమర్చుతూ ఉండేవాడు. అది సరదా అనుకున్నారందరూ. ఆయన వెతుకుతున్నాడని నాకొక్కదానికే తెలుసు.

తోక అమరిన రోజున ఒక గుండుసూదికి పుల్ల తొడిగి, నా పోలికతోనే చిన్న స్క్రూడ్రైవర్ చేశాడు. నలభై ఏళ్ళ కిందటి ఆ సాయంత్రం తను పనిచేసిన చోటునుంచి దాన్ని లోపలికి వదిలాడు. ఆ రకం విమానం నేల మీద ఉన్నంతసేపూ ముక్కు పైకీ తోక కిందికీ ఉంటుంది. సూది పడిన చోట ఆగలేదు. చట్రాల కంతల్లోంచి వెనక్కి జారి, తోకచక్రం దగ్గరి సందులోంచి బల్ల మీద పడింది. అప్పట్లో ఆయన విమానం కింద నేల మీద వెతకనే లేదు. ఆయన మళ్ళీ వదిలాడు. మళ్ళీ వదిలాడు.

"ఏటండీ ఇది? పొద్దున్నించీ ఆ సూది పడీడం, ఏరడం. జపం చేస్తన్నట్టుంది," అంది మంగతాయారు.

ఆయన మొత్తం చెప్పేశాడు. నలభై ఏళ్ళ తరవాత, ఎవరూ గద్దించకుండానే.

"అయితే నన్ను పెళ్ళాడ్డానికేటి ఇంత పని చేసేరు?"

"సెలవు రద్దు చేసెత్తారని..."

"పీటల మీద మీరలా పైకి చూస్తంటే పెళ్ళికొడుక్కి మెడ పట్టీసిందేమో అంది మా మేనత్త." ఆమె నవ్వింది. అంతలోనే నవ్వు ఆపేసింది. "ఆ దానియేలు గారు మన పెద్దదాని బారసాలకి వొచ్చేరు కదా?"

"వొచ్చేడు."

"తన చార రెండేళ్ళు ఆగిపోనాదని మీతోనే చెప్పుకున్నారు కదా?"

"చెప్పేడు."

"మీరేటన్నారు?"

"అయ్యో అన్నాను."

బారసాల రోజున నేను పక్కగది సొరుగులోనే ఉన్నాను. ఆ 'అయ్యో' నాకూ వినిపించింది.

పదకొండుసార్లు వదిలితే తొమ్మిదిసార్లు సూది బయట పడింది. రెండుసార్లు లోపలే ఇరుక్కుంది. జోగారావు ఆ రెండింటి గురించే చాలాసేపు ఆలోచించాడు. చివరికి సూదిని బల్ల మీద పెట్టి, నన్ను తుడిచి, కొత్త తువ్వాలులో చుట్టాడు.

చీరాలలో దానియేలు వంటింట్లోంచి వచ్చాడు. చేతిలో కుక్కర్ మూత. దాని పిడి వదులై గుడ్డపీలికతో కట్టి ఉంది.

"ఏందిరా జోగీ, ఉత్తరం ముక్క లేకుండా దిగావు?"

జోగారావు తువ్వాలు విప్పి నన్ను బల్ల మీద పెట్టాడు. దానియేలు కళ్ళజోడు పెట్టుకొని తన పేరు తనే చదువుకున్నాడు.

"నీ పెట్టెలోంచి నేనే తీసీసేను రా. నేను పెళ్ళికి సెలవు మీద బయల్దేరే ముందు సాయంత్రం... నాది విమానంలో పోయింది. అప్పట్నించీ నీకు చెప్పనేదు."

"అంటే నా మూడో చార..."

"నేనే."

దానియేలు ముఖం ఎర్రబడింది. "ఎక్కడ పారేశానో తెలియక, ఆ లారీ దిగి నడిచిన దారంతా మోకాళ్ళ మీద వెతికానురా. మా నాయనకి ఉత్తరం రాయడానికి సిగ్గేసింది. నువ్వు మా ఇంటికొచ్చి చేపల పులుసు తిన్నావు గదరా!" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

జోగారావు కదల్లేదు. లోపల ఉడుకుతున్న పప్పు వాసన వచ్చింది. ఆయన పెదవులు కదిలాయి. ఈసారి ఆ మొక్కులో ఒక్క కోరికే ఉందని నాకనిపించింది.

చాలాసేపటికి దానియేలు మూత పట్టుకొనే తిరిగొచ్చాడు. గుడ్డపీలిక విప్పాడు. ఎదురుగా కూర్చొని, జోగారావు వైపు చూడకుండా నన్ను అందుకున్నాడు. మూత పిడి మర మీద పెట్టి తిప్పబోయాడు. చెయ్యి సరిగా కుదరలేదు. బొటనవేలు అటూ ఇటూ జరిపి చూసుకున్నాడు.

"పిడి కూడా నీ వేలికి తగ్గట్టే అరగదీశావు గదరా, దొంగ సచ్చినోడా," అన్నాడు. "ఆ మూత కదలకుండా పట్టుకో."

జోగారావు రెండు చేతులా పట్టుకున్నాడు. మూడో చుట్టుకి మర బిగిసింది.