విషయానికి దూరం

నేను ఒక ఎర్ర పెన్నును. ఒక రేకుల షెడ్డులో, వేల పెన్నుల మధ్య, నాలో ఇంకు నింపి మూత బిగించారు. నీలం పెన్నులు పిల్లల చేతికి వెళ్తాయి, మేము మాస్టర్ల చేతికి. పిల్లలు మూడు గంటలు రాసినదాన్ని మేము మూడు నిమిషాల్లో తేల్చేస్తాం. మనుషులు దీన్ని దిద్దడం అంటారు.

మొదట లెక్కల సార్ జేబులో ఉన్నాను. అక్కడ తప్పు తప్పే, ఒప్పు ఒప్పే. ఆయన స్టాఫ్‌రూమ్‌లో నన్ను మరిచిపోతే తెలుగు మాస్టారు విశ్వపతిరావు తీసుకున్నారు. అది హాస్టల్ ఉన్న ఇంటర్ కాలేజీ. తెలుగుకు వారానికి రెండే పీరియడ్లు. పరీక్షలు దగ్గరపడితే అవీ ఫిజిక్స్‌కు పోతాయి.

యూనిట్ టెస్టులో ఒక ప్రశ్న వచ్చింది: 'యుద్ధ కవిత నేటి యువతకు ఏం చెబుతుంది? సొంత మాటల్లో రాయండి.' పాఠంలో ఒక సిపాయి కందకంలో కూర్చుని అమ్మకు ఉత్తరం రాస్తాడు. జవాబు గైడులో ఉంది: దేశభక్తి, త్యాగం, క్రమశిక్షణ. ఎనిమిది మార్కులు.

ధరణి అనే అమ్మాయి ఇలా రాసింది: 'ఆ సిపాయి బాగున్నానని అమ్మకు అబద్ధం రాస్తాడు. మేమూ ఆదివారం వార్డెన్ పక్కన నిలబడి ఫోన్‌లో అదే చెప్తాం. అతనికి శత్రువు ఎదురుగా ఉన్నాడు. నా శత్రువు ఎవరో నాకు తెలియడం లేదు. నిద్ర పట్టడం లేదు.'

మాస్టారి చేయి ఆగింది. అప్పుడే వైస్ ప్రిన్సిపాల్ తొంగిచూశారు.

"ఇంకా అవలేదా మాస్టారూ? తెలుగు పేపర్లే కదా! పాయింట్లు చూసి టిక్కులు కొట్టెయ్యండి. నాలుగింటికి మార్కులు పంపాలి."

మాస్టారు నా చేత 'విషయానికి దూరం' అని రాయించారు. పక్కన రెండు మార్కులు.

పేపర్లు చూపించిన రోజు ధరణి లేచి నిలబడింది. "సార్, సొంత మాటల్లో అనే కదా అడిగారు?"

"సొంత మాటలంటే గైడులోవేనమ్మా. కాస్త అటూ ఇటూ మార్చి రాయాలి."

క్లాసంతా నవ్వింది. "కూర్చోవే మిలటరీ!" అంది వెనక నుంచి ఎవరో. ధరణి కూడా నవ్వింది. పేపరు తిరిగిచ్చేసి కూర్చుంది.

తొమ్మిది రోజులకు ధరణి హాస్టల్‌లో ప్రాణం తీసుకుంది. సాయంత్రానికి ర్యాంకుల బోర్డు మీద ఆమె పేరు తుడిచి, కింది పేర్లను ఒక్కొక్క మెట్టు పైకి జరిపారు.

మాస్టారు కట్టలోంచి ఆ పేపరు వెతికి తీశారు. రెండు కొట్టేసి ఎనిమిది వేశారు. చివరి వాక్యం కింద గీత గీస్తే కాగితం చిరిగింది. నా మొన వంగింది. నన్ను ఆ పేపరు మీదే పెట్టి సొరుగు మూశారు.

ఏడాది తర్వాత మళ్లీ అదే పాఠం, అదే ప్రశ్న. గైడు చూడొద్దని, ఏమనిపిస్తే అది రాయమని మాస్టారు ఈసారి క్లాసులో బతిమాలారట. పేపర్లు వచ్చాయి. ఆయనకు పైకి చదువుకునే అలవాటు. సొరుగులోంచి విన్నాను. డెబ్భై రెండు పేపర్లు. దేశభక్తి, త్యాగం, క్రమశిక్షణ. ఆయన గొంతు ఎక్కడా ఆగవలసిన పని పడలేదు.

ధరణికి ఎన్ని మార్కులు వచ్చాయో ఈ పిల్లలకు సీనియర్లు చెప్పే ఉంటారు. నేను రాసింది వాళ్లు శ్రద్ధగా చదివారు.