ఇద్దరికీ ముప్పై బిళ్లలే

మైపాడు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న పాలెంలో ఒక ట్రస్టు నడిపే చిన్న ఆసుపత్రి ఉంది. అక్కడ నర్సూ, మందులిచ్చే మనిషీ, అవసరమైతే తగువు తీర్చే పెద్దమనిషీ అన్నీ ఫేబీయే. కోవూరు నుంచి రోజూ రెండు బస్సులు మారి వస్తుంది. పాలెమంతా ఆమె నోటికి భయపడుతుంది కానీ చేతికి భయపడదు. ఆమె సూది వేస్తే నొప్పే తెలియదంటారు.

బీపీ, షుగరు బిళ్లలకు నెలకు మనిషికి యాభై రూపాయలు పెట్టమని జనవరిలో మేనేజరు సుశీల్ కుమార్‌కు సలహా ఇచ్చింది ఆమే. అప్పటిదాకా అవి ఉచితం. "ఊరికే ఇస్తే విలువుండదు సార్" అంది. ఆ మాట ఊరికే అనలేదు పాపం. పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్టు, బిళ్ల రంగు మారిందని కూడా తగువు పెట్టుకునేవాళ్లతో ఏళ్లపాటు వేగింది మరి.

ఏప్రిల్ కల్లా ఆసుపత్రి ముందు వరుస సగమైంది. మందుల ఖర్చూ తగ్గింది. ఊసుపోక వచ్చేవాళ్లే ఆగిపోయారని సుశీల్ కుమార్ మురిసిపోయాడు. ఎవరైనా కాదంటే ఫేబీ మస్తానమ్మను చూపించేది. చేపలమ్ముకునే మస్తానమ్మ ప్రతి నెలా ఒకటో తేదీన యాభై నోటు బల్ల మీద పెట్టి ముప్పై బిళ్లలు తీసుకుపోతుంది. ఆమె కట్టగా లేనిది మిగతావాళ్లు కట్టలేరా అని ఫేబీ వాదన.

మే నెలాఖరున ఆ మస్తానమ్మకే బీపీ చూస్తే పైది నూట డెబ్బై దాటింది. ఫేబీ రెండోసారి చూసింది. మళ్లీ అంతే. రోజూ బిళ్ల మింగే మనిషికి ఇంత ఎందుకుంటుంది? కార్డులు తిరగేస్తే ఇంకో సంగతి బయటపడింది. ఆమె మొగుడు చెంగయ్యకూ బీపీయే. జనవరి నుంచి అతని కార్డు మీద బిళ్లలు తీసుకున్నట్టు ఒక్క గీత లేదు. ఫేబీ బీపీ మిషను సంచిలో వేసుకుని, మస్తానమ్మను వెంటబెట్టుకుని ఒడ్డుకు నడిచింది.

వేట నిషేధం కాలం కాబట్టి పడవలన్నీ ఇసుకలోనే ఉన్నాయి. చెంగయ్య చిరిగిన వల బాగుచేసుకుంటున్నాడు.

"ఏందన్నా, బిళ్లలకు రావడం మానేసినావే?" అంది ఫేబీ.

"పడవ ఒడ్డునుంటే ఇంజనుకు డీజిలు పోస్తామా నర్సమ్మా? వేట లేనప్పుడు ఈ ఒంటికి మాత్రం బిళ్లలెందుకు?"

పక్కన వలలు కుట్టుకునేవాళ్లంతా బుర్రలూపారు. ఆ మాట వాళ్లందరికీ న్యాయంగానే ఉంది.

"ఒడ్డునుండే ఇంజనుకు ఉప్పుగాలి తగలదా? తుప్పు పడతదని నువ్వే రెండ్రోజులకోసారి తిప్పి చూస్తావు గదా. నీ నెత్తురుకు నిషేధం సెలవులుండవన్నా." చెయ్యి లాక్కుని పట్టీ చుట్టింది. నూట తొంభై, నూట పది.

ఫేబీకి కోపం దిగిపోయి భయం పట్టుకుంది. ఇంకో పదిహేడు రోజుల్లో నిషేధం తీరుతుంది. ఆరుగురిని ఎక్కించుకుని పడవ నడిపేది ఇతనే. నడిసముద్రంలో కాలూ చెయ్యీ పడిపోతే ఒడ్డు చేరడానికే మూడు గంటలు పడుతుంది.

"నిషేధం ఏప్రిల్లో వచ్చింది. నువ్వు మానింది జనవరిలో. నిజం చెప్పన్నా."

చెంగయ్య వల వైపే చూస్తున్నాడు. మస్తానమ్మే చెప్పింది.

"ఆయన మానలా నర్సమ్మా. నా బిళ్లలే ఒకరోజు నేను, ఒకరోజు ఆయన ఏసుకుంటుండాం. ఒకే ఇంట్లో రెండు యాభైలంటే యాడ్నించి తెచ్చేది? సర్కారు ఆసుపత్రికి పోదామంటే రానూపోనూ ఆటోకే నూట ఇరవై. నొప్పుంటే అప్పు చేసైనా తెస్తాం. ఇది నొప్పి తెలీని జబ్బాయె."

ఫేబీకి అప్పుడు అర్థమైంది. అయిదు నెలలుగా ఊరంతటికీ చూపించిన మంచి రోగి ఒకరు కాదు. సగం మందుతో నెట్టుకొస్తున్న ఇద్దరు. అయినా పాత మాట నోట్లోంచి జారింది.

"విలువ తెలిస్తే ఎట్టాగో కట్టేవోళ్లు కదక్కా."

"నీకు థైరాయిడు ఉందంటివే. ఆ బిళ్లలకు నువ్వెంత కడతావమ్మా?"

మస్తానమ్మ ఎత్తిపొడవలేదు, మామూలుగానే అడిగింది. ఆసుపత్రి సిబ్బందికి అక్కడి బీరువాలో మందులు ఉచితమే. గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు. ఆ నలుపు ఇప్పుడు ఫేబీకి కనబడింది.

"ఏమీ కట్టనక్కా" అంది.

ఆ మధ్యాహ్నం ఆమె అన్నం తినలేదు. కార్డు మీద గీత లేని ప్రతి ఇంటికీ వెళ్లింది. ఇరవై ముగ్గురిని చూస్తే పదిహేను మందికి బీపీ హద్దు దాటి ఉంది. సాయంత్రం చెంగయ్యనూ మస్తానమ్మనూ ఆసుపత్రి వసారాలో కూర్చోబెట్టి, ట్రస్టు డాక్టరుగారితో ఫోనులో మాట్లాడి, ఆ లెక్కలు రాసిన కాగితం సుశీల్ కుమార్ ముందు పెట్టింది.

"జులైలో కమిటీ ఉంది గదమ్మా, అప్పుడు చూద్దాం" అన్నాడాయన.

"చేతులు కాలినాక ఆకులు పట్టుకునేదానికా సార్? చెంగన్న పడిపోతే నెల్లూరులో రెండ్రోజులకు అయ్యే ఖర్చుతో ఆయనకు పదేళ్లు బిళ్లలియ్యచ్చు."

"ఊరికే ఇస్తే విలువుండదని చెప్పింది నువ్వే."

"నేనే చెప్పినాను, తప్పు చెప్పినాను. దగ్గుకీ జలుబుకీ కావాలంటే డబ్బులు తీసుకోండి. వీటికొద్దు. నేను ఆరేళ్లుగా ఊరికే మింగుతుండాను, ఒక్కరోజు మానలా. మీ బీపీ బిళ్లలు కూడా ఆ బీరువాలోవే. మన ఇద్దరికీ విలువ తెలియకనా సార్?"

సుశీల్ కుమార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"చెరొక ముప్పై ఇవ్వు. మిగతావాళ్లనూ రేపు పిలువు. కమిటీకి నేను చెప్పుకుంటాను" అన్నాడు చివరికి.

డాక్టరుగారు చెప్పిన మోతాదు అట్టల మీద రాసి, ఎవరివి వారి చేతిలో పెట్టి, ఫేబీ కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చింది. చెంగయ్య బిళ్ల వేసుకున్నాడు. ఆ రోజు వంతు అతనిదే. మస్తానమ్మ తన అట్ట వైపు కాసేపు చూసి, తనూ ఒకటి వేసుకుంది.