చల్లారని గాజు

వర్షర్తువు సెలవు గైకొనగా శరత్తు తన ధవళవసనమును దిక్కులనంతట ఆరవేసికొన్న యొక ప్రాతఃకాలమున స్వర్ణముఖీ సైకతములపై నిలిచిన మంచుతెర మెల్లమెల్లగా తొలగుచుండెను. తూర్పుకొండల వెనుకనుండి తొంగిచూచిన బాలభానుని కిరణములు నదీతీరమందలి గాజు కళాభవనపు గవాక్షములలో ప్రవేశించి అచట వరుసలు దీర్చి నిలిపిన కలశములయందును కంకణములయందును పూసల సరములయందును పడి నీలపీతారుణహరితచ్ఛాయలుగా చీలి నున్నని గచ్చుపై పరచుకొనెను. ఆ గచ్చుపై నడచుట ఊరివారికి నొక ముచ్చట. పసివారైతే ఆ రంగులను అదేపనిగా త్రొక్కి అవి తమ అరికాళ్ళకు అంటుకొన్నవేమో యని కాళ్ళెత్తి చూచుకొనెడివారు.

ఆనాడు మాత్రము ఆ భవనమునకు కార్యదర్శినియగు కనకవల్లికి రంగులను చూచు మనస్సు లేదు. నడిమి చావడిలో దూలమునకు ఇనుపగొలుసుతో వ్రేలాడగట్టిన యొక మహాదీపగోళమును ఆమె రెప్పవాల్పక చూచుచు నిలిచియుండెను. వడ్లగంపయంత పరిమాణము గలిగి పాలమీగడ చాయతో మచ్చలేక మరకలేక మెఱయుచుండిన ఆ గోళమును చూచినవారెల్ల ముక్కున వ్రేలిడుకొనుచుండిరి. అది యెప్పుడో యొకప్పుడు ఎవ్వరును ముట్టకయే పగిలి రాలిపోవచ్చునని ఆమెకు తప్ప మఱియెవ్వరికిని తెలియదు.

ఆ భవనమును స్థాపించినవాడు ఆమె తండ్రి చెంగల్రాయుడు. అతడు గాజుపూసల కొలిమికడ పుట్టి పెరిగినవాడు. దేశదేశములు తిరిగి పూసలమ్మి వచ్చిన సొమ్ముతో ఇల్లు కట్టుకొనుటకు మాఱుగా పాతకాలపు గాజు వస్తువులను కొని తెచ్చి ఆ భవనమున నిలిపి దానినంతయు ధర్మసంస్థగా వ్రాసి పోయెను. అందుండి ఎవ్వరును ఒక కాసైనను లాభము తీసికొనరాదనియు భవనపు వెనుక చావడిలో కొలిమి నిత్యము మండుచుండవలెననియు వచ్చినవారందఱును గాజు నిప్పులోనుండి పుట్టుటను కన్నులార చూడవలెననియు అతని నిబంధన. కొలిమి యొకమాఱు ఆరినచో అందు గాజును కరగించు మట్టిమూస పగులును. క్రొత్తమూసను కొనునంతటి ధనము ఆ సంస్థకు కలలోనైనను కనబడదు. ప్రవేశరుసుము దీపముల నూనెకు చాలదు, పూసలమ్మిన సొమ్ము పనివారి కూలికి చాలదు, ఇక కట్టెలకు దాతల దయయే దిక్కు. ధర్మకర్తలు నలుగురును సభలలో కళాసేవను గూర్చి గొంతు బొంగురుపోవునట్లు ప్రసంగించెడివారేగాని చందా మాట యెత్తినతోడనే నలుగురును ఒక్కమాఱుగా గడియారములు చూచుకొనెడివారు.

ఇట్టి స్థితిలో దైవమే పంపినట్లు వచ్చినది అలివేలమ్మ. వేరుసెనగ నూనెమిల్లుకు యజమానురాలగు ఆ వృద్ధవితంతువు పట్టణమునందలి యొక వైద్యశాలలో పసిబిడ్డలకు ప్రత్యేకముగా నొక పెద్దగది కట్టించి దానికి తగిన దీపము చేయించి యిమ్మని కోరెను. దీపము తన కంటికి నచ్చినచో వడ్డీతోనే ఏటికేడు కొలిమి మండునంతటి శాశ్వతనిధిని సంస్థకు వ్రాసి యిత్తునని మాట యిచ్చెను. ఆ మాట విన్ననాడు పనివారి యిండ్లలో పండుగవంట వండుకొనిరి. కొలిమి పెద్దయగు మునెయ్య తన వారితో గూడి ఊదుగొట్టమును పట్టి ఎన్నో గోళములను ఊది పగులగొట్టి తుదకు ఈ గోళమును సాధించెను.

అయితే గాజు నిప్పునుండి వెలువడినంతమాత్రమున పుట్టినట్లు కాదు. దానిని చల్లార్పుగూడు అను చిన్న మట్టిగదిలో ఉంచి సన్నని మంట పెట్టి ఆ మంటను దినదినమును కొంచెము కొంచెముగా తగ్గించుచు నిదానముగా చల్లార్పవలెను. తొందరపడినచో పైపొర చల్లబడి బిగిసికొనగా లోపొర యింకను వేడితో పెనగులాడుచుండును. ఆ పెనగులాట కంటికి కనబడదు గాని ఎప్పుడో యొకప్పుడు గాజును పగులగొట్టును. గోళమును గూటిలో ఉంచి మునెయ్య తన తమ్ముని కూతురి పెండ్లికి కాళహస్తికి పోయిన దినములలో కట్టెలు అడుగంటినవి. రెండు మంటలను పోషించినచో అలివేలమ్మ వచ్చులోపలనే పెద్ద కొలిమి ఆరిపోవును. అప్పుచేయుటకు అభిమానము అడ్డువచ్చెను. పొదుపరియని తనకుగల పేరు తలకెక్కియుండెను గాబోలు, కనకవల్లి ఒక రాత్రి ఎవ్వరును లేనప్పుడు గూటిలోని మంటను తానే ఆర్పి ఆ కట్టెలను కొలిమికి వేసెను. తండ్రి ఒడిలో కూర్చుండి నేర్చిన విద్య గావున తాను చేయుచున్నది తప్పని ఆమెకు చక్కగా తెలియును. తెలిసియే చేసెను. పెండ్లినుండి వచ్చిన మునెయ్య దీపమును చూచి మురిసిపోయినప్పుడు ఆమె నోరు విప్పక తల వంచుకొనెను.

సూర్యుడు కొంత పైకెక్కినవెంటనే అలివేలమ్మ కారు వచ్చి ఆగెను. ధర్మకర్తలు పూలదండలతో ఎదురేగిరి. ఆమె దండలను గుమాస్తా చేతికిచ్చి తిన్నగా నడిమి చావడిలోనికి వచ్చి తలయెత్తి దీపమును చాలసేపు చూచెను. ఎండలో బేరములాడి మొద్దుబారిన ఆ ముఖము ఒక్కక్షణము పసిదాని ముఖమువలె విప్పారెను.

"ఇదేనామ్మా నా దీపం? బాగుండాది. వుయ్యాలల వరస మీదనే కట్టమని చెప్పినాను. ఎల్లకిలా పండుకోనుండే బిడ్డకి పైన ఏముంటే అదే కదా లోకం" అని ఆమె అనెను.

ఆ మాట కనకవల్లి గుండెలో గ్రుచ్చుకొనెను. అంతవఱకు ఆమె తలంపులో ఆ దీపము క్రింద మనుష్యులు లేరు. దీపమును నిధియు మాత్రమే యుండెను. ఇప్పుడు ఉయ్యెలలు కనబడినవి. పగులకపోవచ్చునుగదా యని యొక మనస్సు అనుచుండెను. పనివారి పొయ్యిలును తండ్రి యావజ్జీవమును ఈ యొక్క సంతకముపై నిలిచియున్నవిగదా యనియు ఆ మనస్సే అనుచుండెను. ధర్మకర్తలలో పెద్దయగు సుందరరామయ్య దానపత్రమును బల్లపై పఱచి కలము మూత తీసి అలివేలమ్మకు అందించెను. కలపు ములికి కాగితమును తాకబోవుచుండెను.

"అమ్మా, సంతకం చేయొద్దండి" అని కనకవల్లి పలికెను. "ఆ దీపం సరిగ్గా చల్లారలేదు, పగిలిపోవచ్చు."

సుందరరామయ్య ఉలికిపడెను. "ఈమె కొన్ని దినములుగా నిద్రాహారములు మాని శ్రమించుటచే ఏమో పలుకుచున్నది. దీపము సర్వవిధముల నిర్దుష్టముగా నున్నది. తాము సంశయింప పనిలేదు" అని అతడు తొట్రుపడుచు చెప్పెను.

అలివేలమ్మ అతనివైపు చూడనైనను లేదు. "పగులు యాడుండాది, చూపించు" అని కనకవల్లిని అడిగెను.

"కనబడదమ్మా. రేపు పగలొచ్చు, ఏడాదికి పగలొచ్చు. ఎప్పటికీ పగలకుండానూ ఉండొచ్చు."

"ఎవురు చేసినారీ పని?"

"నేనే. కట్టెలు చాల్లేదు. పెద్ద కొలిమి ఆరిపోతుందని దీని మంట తీసి దానికి పెట్టినాను."

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసుండునా?"

"తెలిసుండదు. తెలిసేనాటికి కింద బిడ్డలుంటారు."

అలివేలమ్మ కలమును బల్లపై పెట్టి దానపత్రమును నాలుగు మడతలుగా మడచి గుమాస్తాకిచ్చి వెడలిపోయెను. కారు చప్పుడు దూరమైన పిదప ధర్మకర్తల నోళ్ళు లేచినవి. ఈ సత్యమేదో పది దినములు ముందుగా చెప్పరాదాయని యొకడును ఇక తమకు సంబంధము లేదని యొకడును అనుచు నలుగురును వచ్చిన త్రోవనే పోయిరి. వారి మాటలకు ఆమె చలింపలేదు. ద్వారబంధము నానుకొని నిలిచిన మునెయ్యను చూచినప్పుడు మాత్రము ఆమె చూపు మఱల్చుకొనెను.

"నాతో ఒక మాట అనుంటే సరిపొయ్యుండునే తల్లీ" అని ఆ ముసలివాడు మెల్లగా అనెను. "ఇంటికొక మోపు తెచ్చేసుండం? పెండ్లి పెండ్లే అని ఆన్నే కుచ్చోనుంటానా నేను?"

అడుగవచ్చునని ఆమెకు తోచనే లేదు. భారమంతయు తనదే యనుకొనుటలో నొక గర్వమున్నదని ఆమె ఆనాడే యెఱిగినది.

దీపమును దించి వెనుక చావడిలోనికి మోసికొని పోయిరి. చెడిన గాజును పగులగొట్టి మరల మూసలో వేయుట ఆ యింటి ఆచారము. సుత్తి చేతికిచ్చుచు మునెయ్య ఒక్కక్షణము తటపటాయించెను.

"బాగానే చల్లారుంటే?"

"ఉండొచ్చు" అని చెప్పి కనకవల్లి తన చేతులతోనే కొట్టెను.

గోళము పగిలెను. ఏ గాజైనను పగులునట్లే పగిలెను. అది మంచిదో చెడ్డదో తెలుపు గుర్తొక్కటియు ఆ ముక్కలలో లేదు. ఇంతటి నష్టమునకు సాక్ష్యముగా నొక్క పగులైనను ముందే కనబడియుండినచో ఆమెకు కొంత ఊరట కలిగియుండెడిది. ఆ ఊరటయు దక్కలేదు. తన మాట నిజమో కాదో ఇక జన్మలో తెలియబోదని గ్రహించి ఆమె ఆ ముక్కలనడుమ కూలబడి వెక్కివెక్కి యేడ్చెను. పనివారు ఆమెను ఓదార్పక ముక్కలను ఏఱి మూసలో వేసిరి. ఆ సాయంకాలమే ఒక్కొక్కరు ఇంటినుండి తమకు చేతనైనంత కట్టె తెచ్చి కొట్టులో పడవేసిరి. అది కొలిమికి ఏ మూలకును చాలదని అందఱకును తెలియును.

మఱునాటి మధ్యాహ్నమునకు సరుగుడు కట్టెలతోను వేరుసెనగ పొట్టు బస్తాలతోను నిండిన బండ్లు భవనపు వాకిట ఆగినవి. ముందుబండినుండి అలివేలమ్మ గుమాస్తా దిగి ఆమె తనకు అప్పగించిన మాటలను ఎక్కములు చదివినట్లు ఒప్పగించెను.

"దీపం మళ్ళా చేయమన్నారు. అది చల్లారేవరకూ కట్టె, పొట్టు మావే. సొమ్ము మాత్రం దీపం కట్టినంకనే. ఇంకొక మాట చెప్పమన్నారు. కట్టెల కొట్టు తాళం మునెయ్య దగ్గిరుండాలంట. ఆ పాప దగ్గిర వద్దంట."

తండ్రి మరణించిననాటినుండి తన నడుమున నుండిన ఆ తాళపుచెవిని కనకవల్లి విప్పి మునెయ్య చేతిలో పెట్టెను. ఆమె ముఖము అవమానముచే కందెను. తన మాటను నమ్మి తన పొదుపును నమ్మని ఆ తీర్పు న్యాయమైనదని ఆమె యొప్పుకొనక తప్పలేదు. న్యాయమైనను నొప్పి తగ్గలేదు.

రెండవ గోళము పుట్టెను. దానిని గూటిలో ఉంచి మునెయ్య మంటను పిసరంత పిసరంతగా తగ్గించుచు వచ్చెను. కనకవల్లి ప్రవేశరుసుములు వసూలు చేయుచు వచ్చినవారికి కలశములను చూపుచు తన పని తాను చేసికొనుచునే తీరిక చిక్కినప్పుడెల్ల గూటికడకు పోయి గోడపై అరచేయి ఆనించి చూచెడిది. గోడ వెచ్చగానుండగా నిమ్మళించి మరలి వచ్చెడిది. ఎప్పుడు చల్లారునని ఆమె ఎవ్వరిని అడుగలేదు.

హేమంతము ముదిరిన యొక శుభదినమున ఆ దీపము వైద్యశాలలో వెలిగెను. అలివేలమ్మ మాట తప్పక నిధిని వ్రాసి యిచ్చెను. కొలిమి నేటికిని ఆ వడ్డీతో మండుచున్నది. తాళపుచెవిని తిరిగి యిమ్మని కనకవల్లి అడుగలేదు, ఎవ్వరును ఇవ్వలేదు. దీపము వెలిగిన ఆ సాయంకాలము ఎక్కడినుండియో మరల ప్రత్యక్షమైన ధర్మకర్తలును వైద్యులును తల్లులును అందఱును తలలెత్తి మీగడవన్నె వెలుగును చూచి మెచ్చుకొనుచుండగా కనకవల్లి యొక్కతె మాత్రము తల వంచి దాని క్రింద ఉయ్యెలలలో వెల్లకిల పరుండి కన్నులు విప్పి చూచుచున్న బిడ్డలను ఒక్కొక్కరినే చూచుచు నిలిచియుండెను.